జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 580: పాత కార్డుల బేరంలో దేన్ని లెక్కేయాలి

2025 అక్టోబరుతో ఎన్‌విడియా తన పాస్కల్ తరం గ్రాఫిక్స్ కార్డులకు కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త ఆటలకు తగ్గట్టు కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఆపేసింది. జీటీఎక్స్ 1060 ఆ తరానిదే. దాంతో సెకండ్ హ్యాండ్ కార్డు కోసం విశాఖ ద్వారకానగర్ షాపుల్లోనూ ఓఎల్‌ఎక్స్‌లోనూ వెతికేవాళ్లకు ఒక సందేహం పట్టుకుంది. 1060 పని అయిపోయినట్టేనా? దాని పాత పోటీదారు, ఏఎమ్‌డీ కంపెనీ ఆర్‌ఎక్స్ 580 తీసుకోవడమే మేలా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో చెప్పే జవాబులు చాలావరకు తప్పుదారి పట్టిస్తాయి. ఆట వేగంలో ఈ రెండు కార్డుల మధ్య తేడా చిన్నది. కొన్నవాడి డబ్బు నిలిచేదీ పోయేదీ వేరే చోట్ల: మెమరీ ఎంత, ఇంట్లో ఉన్న ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), సీపీయూ ఎలాంటివి, అన్నిటికన్నా ముఖ్యంగా చేతికొచ్చిన ఆ ఒక్క పీసు ఎలాంటి బతుకు బతికి వచ్చింది.

ఒకే పేరు మీద అమ్ముడయ్యే వేర్వేరు కార్డులు

పోలిక మొదలుపెట్టే ముందు ఏ 1060, ఏ 580 అన్నది తేల్చుకోవాలి. జీటీఎక్స్ 1060 అన్న పేరు మీద ప్రధానంగా రెండు రకాలు తిరుగుతున్నాయి. 2016 జులైలో వచ్చిన 6 జీబీ కార్డులో 1280 సీయూడీఏ కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న ప్రాసెసర్లు, ఉంటాయి. ఆ మరుసటి నెలలో వచ్చిన 3 జీబీ కార్డులో మెమరీ సగం కావడమే కాదు, కోర్లు కూడా 1152కి తగ్గాయి. పేరు ఒకటే అయినా 3 జీబీది నిజానికి కింది తరగతి కార్డు. ఇప్పటి ఆటలకు దాన్ని లెక్కలోంచి తీసేయడమే మంచిది.

ఆర్‌ఎక్స్ 580 విషయంలో చిక్కు ఇంకాస్త పెద్దది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన అసలు 580లో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (ఏఎమ్‌డీ కోర్లకు పేరు ఇదే) ఉంటాయి. 4 జీబీ, 8 జీబీ రెండు సైజుల్లోనూ దొరుకుతుంది. 2018లో చైనా మార్కెట్ కోసం ‘580 2048ఎస్‌పీ’ అని ఇంకొకటి వచ్చింది. అందులో ప్రాసెసర్లు 2048 మాత్రమే, అంటే లోపల ఉన్నది ఆర్‌ఎక్స్ 570 అన్నమాట. పేరూ ఊరూ లేని బ్రాండ్లతో, కొత్త పెట్టెలో, ఆశ పుట్టించే ధరకు ఆన్‌లైన్‌లో కనిపించే 580లు చాలావరకు ఇవే. అవి పనికిరానివని కాదు. 570 ధరకు దొరికితే 570గా కొనుక్కోవచ్చు.

ఇవి కాక అచ్చంగా నకిలీలు కూడా ఉన్నాయి. 2010 నాటి జీటీఎస్ 450 వంటి చిప్ మీద బయోస్ (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి, కంప్యూటర్‌కు 1060గా కనిపించేలా చేసి అమ్మిన కార్డులవి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటివాటిని చాలావరకు పట్టేసి, పేరు పక్కనే నకిలీ అని చూపిస్తుంది. అందులో చూడాల్సిన అంకెలు: 1060 అయితే షేడర్లు (పైన చెప్పిన కోర్లే) 1280, బస్ (మెమరీ దారి వెడల్పు) 192 బిట్, 580 అయితే షేడర్లు 2304, బస్ 256 బిట్. 1060కి వీజీఏ పోర్టు కనబడితే కంప్యూటర్‌లో పెట్టి చూడాల్సిన అవసరం కూడా లేదు.

ఇక్కడి నుంచి 1060 అంటే 6 జీబీది, 580 అంటే 2304 ప్రాసెసర్ల 8 జీబీది.

కాగితం మీద 41 శాతం తేడా ఆటలో ఎందుకు కనిపించదు

కార్డు బలాన్ని టెరాఫ్లాప్‌లలో చెబుతుంటారు. సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్నదే దాని అర్థం. ప్రాసెసర్ల సంఖ్యను 2తో, ఆపైన బూస్ట్ వేగంతో గుణిస్తే వస్తుంది. 1060కి 1280 × 2 × 1.708 గిగాహెర్ట్జ్, అంటే సుమారు 4.4. 580కి 2304 × 2 × 1.34, సుమారు 6.2. ఈ లెక్కన 580 ఏకంగా 41 శాతం ముందుండాలి.

ఆటలో అంత తేడా రాదు. ఏఎమ్‌డీ వాడిన జీసీఎన్ నిర్మాణంలో పని 64 చొప్పున గుంపులుగా కదులుతుంది. గుంపు నిండినా నిండకపోయినా, 64 సీట్ల బస్సు సగం ఖాళీగా బయల్దేరినట్టు, పట్టే సమయం మాత్రం తగ్గదు. 1060లో ఆ గుంపు 32. పైగా పాస్కల్ కార్డులు చల్లగా ఉన్నంతసేపూ చెప్పిన బూస్ట్ వేగాన్ని దాటి నడుస్తాయి. 1060 ఆటలో 1850 మెగాహెర్ట్జ్ పైన ఉండటం మామూలే. మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 580లో 256 జీబీ, 1060లో 192 జీబీ. కానీ పాస్కల్ రంగుల సమాచారాన్ని గట్టిగా కుదించి పంపుతుంది కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది.

ఆట కార్డుతో మాట్లాడే పద్ధతులు డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ అని ఉన్నాయి. వచ్చిన కొత్తలో డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటల్లో 1060కే పైచేయి. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ మీద నడిచే ఆటలు పెరిగేకొద్దీ 580 పుంజుకుంది. ఇప్పుడు మొత్తం మీద 580 కొద్ది శాతం ముందుంటుంది, ఆటను బట్టి అది తారుమారు కూడా అవుతుంది. ఆటలు తయారుచేసేవాళ్లూ ఈ రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు. 2023లో సవరించిన సైబర్‌పంక్ 2077 కనీస అవసరాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి: జీటీఎక్స్ 1060 6 జీబీ, లేదా ఆర్‌ఎక్స్ 580 8 జీబీ.

ఈ సగటు పోలికల్లో దాదాపు ఎవరూ చెప్పని విషయం సీపీయూ. పరీక్షలన్నీ గట్టి సీపీయూ పెట్టి చేస్తారు. మన దగ్గర ఈ కార్డులు వెళ్లేది ఎక్కువగా నాలుగో తరం ఐ5 ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్లలోకి. డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటల్లో ఏఎమ్‌డీ డ్రైవర్ పని ఎక్కువగా ఒకే సీపీయూ కోర్ మీద పడుతుంది; ఎన్‌విడియా డ్రైవర్ ఆ పనిని పలు కోర్లకు పంచుతుంది. కాబట్టి పాత నాలుగు కోర్ల ఐ5 మీద జీటీఏ 5 వంటి డైరెక్ట్‌ఎక్స్ 11 ఆట ఆడేవారికి 1060 సాఫీగా నడవవచ్చు. అదే కంప్యూటర్‌లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ను వల్కన్ మీద నడిపితే మొగ్గు 580 వైపుకు వస్తుంది.

6 జీబీ నిండిపోతే ఏం జరుగుతుంది

580ని సమర్థించడానికి నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి కారణం వేగం కాదు, ఆ అదనపు 2 జీబీ. ఆటలోని గోడలు, ముఖాలు, నేల మీద అతికించే బొమ్మలను టెక్స్చర్లంటారు. అవి కార్డు మెమరీలో ఉండాలి. చోటు చాలకపోతే కొన్ని కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్లి, కావలసినప్పుడల్లా మదర్‌బోర్డు స్లాట్ గుండా రావాలి.

ఆ దారి ఎంత ఇరుకో లెక్క వేద్దాం. పీసీఐఈ 3.0 స్లాట్ 16 లేన్లతో సెకనుకు గరిష్ఠంగా 16 జీబీ వరకు మోస్తుంది. ఒక ఆటకు 7 జీబీ కావాలనుకుందాం. 1060లో 1 జీబీ బయట పడుతుంది. ఆ 1 జీబీ మొత్తం ఒకేసారి కావాల్సి వస్తే 62 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు ఆడుతున్నప్పుడు ఒక్కో ఫ్రేముకు ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లే. అంటే దాదాపు నాలుగు ఫ్రేముల సేపు తెర ఆగిపోతుంది. నిజంలో అంతా ఒకేసారి రాదు, ముక్కలుగా వస్తుంది. అందుకే ఒక పెద్ద ఆగుడు బదులు చిన్నచిన్న కుదుపులు తగులుతాయి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకెలో ఈ కుదుపు కనిపించదు. ‘1 శాతం లో’ అని ఇచ్చే అంకెలో, అంటే అతి నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగంలో, అది బయటపడుతుంది. రెండు కార్డులూ సగటున 55 చూపించినా ఒకదాని 1 శాతం లో 42, ఇంకోదానిది 24 అయితే ఆ రెండూ ఒకే అనుభవం కావు.

దీనికి విరుగుడు తేలికే: టెక్స్చర్ సెట్టింగ్‌ను ఒక మెట్టు దించడం. వాలరెంట్, సీఎస్ 2 ఆడేవాళ్లకు ఆ బెడదే లేదు, వాళ్లకు 6 జీబీ ధారాళం. పెద్ద కథల ఆటలు ఆడాలనుకునేవారికి మాత్రం 8 జీబీ నిజమైన ఊరట.

వేగం చాలనప్పుడు రెండు కార్డులకూ ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఏఎమ్‌డీ సాంకేతికత ఆసరా ఉంది. 1080పీ తెర మీద ‘క్వాలిటీ’ పెడితే ఆటను లోపల 720పీలో గీసి పెద్దది చేస్తుంది. అలాంటి పనే చేసే డీఎల్‌ఎస్‌ఎస్ మాత్రం ఎన్‌విడియాది అయినా 1060లో పనిచేయదు. దానికి ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి.

డ్రైవర్లు ఆగిపోయాయంటే కార్డు ఆగిపోయినట్టా

కాదు. ఎన్‌విడియా 580 వరుస డ్రైవర్లు పాస్కల్‌కు చివరివి. (ఇది డ్రైవర్ నంబరు, ఆర్‌ఎక్స్ 580 కార్డుకూ దీనికీ సంబంధం లేదు, అంకెలు కలిశాయంతే.) ఆ తర్వాత 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి భద్రతా సవరణలు వస్తాయని కంపెనీ ప్రకటించింది. ఇప్పుడు నడిచే ఆటలు రేపూ నడుస్తాయి. కొత్తగా వచ్చే ఆటలో బొమ్మ చెదిరినా, వేగం పడిపోయినా దాన్ని సరిచేసే డ్రైవర్ మాత్రం రాదు.

1060ని వదిలేసి 580 వైపు వెళితే ఈ బాధ తప్పుతుందనుకోవడం సరికాదు. ఏఎమ్‌డీ 2023లోనే పోలారిస్ కార్డులను, అంటే 580 తరాన్ని, ప్రధాన డ్రైవర్ల నుంచి విడదీసి వేరే శాఖలో పెట్టింది. వాటికి అత్యవసర సవరణలే వస్తున్నాయి. విండోస్‌లో ఇద్దరూ వయసు మళ్లినవాళ్లే.

లినక్స్‌కు వెళితే కథ మారుతుంది. అక్కడ 580కి మెసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ల అండ ఉంది, వాటిని కంపెనీ ఒక్కటే నడపడం లేదు. ఎన్‌విడియా విడుదల చేసిన ఓపెన్ కర్నెల్ మాడ్యూళ్లు (డ్రైవర్‌లోని ఓపెన్ సోర్స్ భాగాలు) పాస్కల్ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి పైవాటికే కాబట్టి పాస్కల్‌కు అవి దక్కవు. విండోస్ 11కు పనికిరాని కంప్యూటర్‌లో లినక్స్ వేసి ఆడదామనుకునేవారికి 580 స్పష్టంగా మేలు.

ఆటలు కాక ఇంకేం చేస్తారన్నది కూడా చూసుకోవాలి. ఆటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవారికి 1060లో వీడియోను కుదించే ఎన్‌వెంక్ ఎన్‌కోడర్ ఇచ్చే హెచ్.264 వీడియో నాణ్యత 580 కన్నా బాగుంటుంది. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) నేర్చుకునేవారికి 580 దండగ, ఇప్పటి బ్లెండర్ వెర్షన్లలోని సైకిల్స్ రెండరర్ దాని మీద నడవదు.

ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, కరెంటు బిల్లు

కంపెనీ లెక్క ప్రకారం 1060 తినేది 120 వాట్లు, 580 తినేది 185. 65 వాట్ల తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. కొన్న తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు దీన్నుంచే.

స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్లు వస్తాయి. 6 పిన్ల కనెక్టర్ ఇంకో 75, 8 పిన్లది 150 మోస్తుంది. సాధారణంగా 1060కి ఒక 6 పిన్, 580కి ఒక 8 పిన్ కావాలి. కేసుతోపాటు ఉచితంగా వచ్చిన ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్‌లో 8 పిన్ ఉండదు. అప్పుడు రెండు మోలెక్స్ కనెక్టర్లను (పాత డిస్కులకు కరెంటిచ్చేవి) కలిపే కన్వర్టర్ పెట్టేయడం మన షాపుల్లో పరిపాటి. 150 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. ఆ రెండు మోలెక్స్‌లూ ఒకే తీగ మీద ఉంటే అంత కరెంటూ ఒక్క పసుపు వైరే మోయాలి. కనెక్టర్ వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడి, పిన్ను వదులై, ఇంకా వేడెక్కుతుంది. ఇప్పటి డిస్కులకు కరెంటిచ్చే సాటా కనెక్టర్ నుంచి తీసే కన్వర్టర్ మరీ ప్రమాదం. ఆ కనెక్టర్ 12 వోల్టుల వైపు 54 వాట్లకు మించి మోయలేదు.

యూపీఎస్ లెక్క కూడా చూద్దాం. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ అసలు సామర్థ్యం 360 వాట్లు. సీపీయూకు 75, మిగతా భాగాలకు 40 అనుకుందాం. 580తో కలిపి 300 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ తాను లాగిన కరెంటులో 85 శాతమే లోపలికి అందిస్తే గోడ నుంచి లాగేది 353. మానిటర్‌కు 25 కలిపితే 378. కరెంటు పోయిన క్షణంలో ఆట నడుస్తుంటే ఆ యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూసి ఆపేస్తుంది. అదే 1060తో 235 వాట్లు, గోడ దగ్గర 276, మానిటర్‌తో 301. సేవ్ చేసి మూసేయడానికి వ్యవధి దొరుకుతుంది.

బిల్లు విషయంలో భయం అనవసరం. రోజుకు 3 గంటల ఆటకు నెలలో 65 × 90 గంటలు, అంటే 5.85 యూనిట్ల తేడా. 2022లో వచ్చిన ఏపీ గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. మొదటి శ్లాబులో నెలకు 35 రూపాయలు, రెండోదాంట్లో 51. రెండేళ్లు వాడితే 840 నుంచి 1,230 వరకు. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. పైగా 580కి వోల్టేజ్ తగ్గించే వెసులుబాటు ఏఎమ్‌డీ అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. పై స్థాయి వోల్టేజ్‌ను 25 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ, ప్రతిసారీ అరగంట ఆడి చూడాలి. ఆట కూలిపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. వేగం తగ్గకుండానే 20, 30 వాట్లు మిగలడం మామూలే.

మైనింగ్ కార్డు: రెండు వాదనల్లోనూ నిజం ఉంది

2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఆ క్రిప్టో కరెన్సీని సంపాదించడం) ముగిసింది. అంతవరకు మైనింగ్ షెడ్లలో నడిచిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. ఇథీరియానికి 580 8 జీబీ ముద్దుబిడ్డ కాబట్టి వాటిలో ఇది ఎక్కువ. 1060 6 జీబీ కూడా తప్పించుకోలేదు.

మైనింగ్ కార్డు ముట్టుకోవద్దనేవారి వాదన: రాత్రీ పగలూ నెలల తరబడి నడిచి ఫ్యాన్ బేరింగులు అరిగిపోతాయి, చిప్ వేడిని హీట్ సింక్‌కు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోతుంది, మెమరీ చిప్‌లు వేడికి నలుగుతాయి. పర్వాలేదనేవారి వాదన: మైనర్లు వోల్టేజ్ తగ్గించి నడుపుతారు, వేడి ఒకే స్థాయిలో ఉంటుంది. రోజూ వేడెక్కి చల్లారే గేమింగ్ కార్డులోనే సోల్డర్ అతుకులు సాగి ముడుచుకుని పగుళ్లిస్తాయి. రెండూ నిజమే. కాబట్టి మైనింగ్ చరిత్ర ఒక్కదాన్నే చూసి కొట్టేయడం కన్నా, ఆ చరిత్ర ఏం మిగిల్చిందో పరీక్షించడం న్యాయం.

580లో మాత్రం ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మైనర్లు మెమరీ వేగం కోసం బయోస్‌ను మార్చేవారు. అలా మార్చిన బయోస్ సంతకం సరిపోక విండోస్‌లో ఏఎమ్‌డీ డ్రైవర్ ఎక్కకపోవచ్చు. సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సరైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు) ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోవచ్చు. విండోస్ 11లో వాలరెంట్‌కు సెక్యూర్ బూట్ తప్పనిసరి. అంటే అన్ని పరీక్షలూ నెగ్గిన కార్డు కూడా, మీరు ఆడాలనుకున్న ఆ ఒక్క ఆటకే పనికిరాకుండా పోవచ్చు. కొన్ని మోడళ్లలో బయోస్ స్విచ్ ఉంటుంది. రెండో వైపు అసలు బయోస్ మిగిలి ఉంటే అదృష్టం. లేకుంటే ఆ మోడల్‌కే, ఆ మెమరీ కంపెనీకే సరిపడే అసలు బయోస్ వేయాలి. మెమరీ శాంసంగ్‌దా, మైక్రాన్‌దా, హైనిక్స్‌దా అన్నది జీపీయూ-జెడ్ చెబుతుంది.

పరీక్షకు కనీసం అరగంట పెట్టించండి. కార్డుకు బరువైన పని పెట్టే యూనిజిన్ హెవెన్ నడుపుతూ, పక్కన కార్డు వేడి, లోపాలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరవాలి. 580కి అందులో ‘జీపీయూ మెమరీ ఎర్రర్స్’ వరుస కనిపిస్తుంది, అది సున్నా దగ్గరే ఉండాలి. 1060కి అలాంటి లెక్క లేదు; తెర మీద చుక్కలు, గీతలు, మెరిసే త్రికోణాలు వస్తున్నాయేమో కళ్లతోనే చూడాలి. ఏసీ గదిలో 70 డిగ్రీలు చూపించిన కార్డు మే నెలలో మన ఇంటి గదిలో 80 దాటుతుంది, ఆ తేడా మనసులో పెట్టుకోండి.

విశాఖలో అదనంగా చూడాల్సినవి

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదజాలారిపేట వైపు ఏసీ లేని గదిలో ఏళ్ల తరబడి ఉన్న కార్డుకు ఉప్పుగాలి తగిలి ఉంటుంది. వెనక బ్రాకెట్ మీద, స్క్రూల మీద తుప్పు, హెచ్‌డీఎంఐ పోర్టు లోపల తెల్లటి పొడి, రాగి వేడి గొట్టాల మీద పచ్చదనం దీని గుర్తులు. బ్రాకెట్ తుప్పు ఒక్కటే అయితే పర్వాలేదు. చిన్న భాగాల కాళ్ల దగ్గర పచ్చగా కనబడితే ధర ఎంతైనా వదిలేయాలి. పోర్టుకు దగ్గరగా పాతనగరం, జ్ఞానాపురం వైపు ఇళ్లలో చేరేది నల్లటి బొగ్గు దుమ్ము. మామూలు దుమ్ము వేడిని ఆపుతుంది. బొగ్గు దుమ్ము, తేమ కలిస్తే కరెంటును కూడా పారనిస్తుంది. బ్లోయర్‌తో ఊది సరిపెట్టకుండా హీట్ సింక్ విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించి, పేస్టు, ప్యాడ్‌లు మార్పించాలి.

రూపాయల్లోకి తెస్తే

1060కి 6,000, 580కి 5,800 అడుగుతున్నారనుకుందాం. మీరు ఆడే ఆటలో మొదటిది 60, రెండోది 64 ఫ్రేములు ఇస్తుందనుకుందాం. ఒక్కో ఫ్రేముకు 1060లో 100 రూపాయలు, 580లో 91. 580 గెలిచింది.

ఇప్పుడు అదే కొనుగోలుదారు ఇంట్లో ఉన్న మంచి బ్రాండ్ ఎస్‌ఎంపీఎస్‌లో 6 పిన్ ఉంది, 8 పిన్ లేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు 3,000, పేస్టు, ప్యాడ్‌ల పనికి 500. 580 ఖర్చు 9,300 అయింది, ఫ్రేముకు 145. 1060కి కూడా పేస్టు పని 500 వేసినా 108 దగ్గరే ఆగుతుంది. ఎస్‌ఎంపీఎస్ ముందే ఉన్నవాడికి 580 ఫ్రేముకు 98 దగ్గరే తేలుతుంది, 2 జీబీ అదనం. ఒకే రోజు ఒకే ధరకు ఇద్దరు కొన్నా ఇద్దరి లెక్కా ఒకటి కాదు.

పాత ఆఫీసు డెల్ ఆప్టిప్లెక్స్ కొన్నవారికి ఇంకో మెలిక. 9020 వంటి మోడళ్లలో మదర్‌బోర్డు పవర్ కనెక్టర్ మామూలు 24 పిన్లది కాదు, 8 పిన్లది. ఏ కార్డు పెట్టాలన్నా కొత్త ఎస్‌ఎంపీఎస్‌తోపాటు 24 నుంచి 8 పిన్ల కన్వర్టర్ కావాలి. ఆ ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ కారణంగా 1060కి వచ్చే మొగ్గు అక్కడ లేదు.

ఈ రెండు కార్డులకూ ఎంతవరకు పెట్టవచ్చన్నదానికి ఒక హద్దుంది. రెండింటిలోనూ రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి వెలుగునీడలు గీయడం) హార్డ్‌వేర్ లేదు. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ వంటి ఆటలు రే ట్రేసింగ్ లేనిదే నడవవు, సెట్టింగులు ఎంత దించినా సరే. మీ కోరికల జాబితాలో అలాంటివి రెండు మూడు ఉంటే 1060, 580 తగవు పక్కనపెట్టి, ఇంకొన్ని నెలలు ఆగి ఆర్‌టీఎక్స్ 2060 లేదా ఆర్‌ఎక్స్ 6600కి డబ్బు కూడబెట్టుకోవడం మేలు.